చదువుట వేఱు, గ్రహించుట వేఱు

ఒకే బడిలో, ఒకే యుపాధ్యాయుని యొద్ద చదువుకొను పిల్లలలో నొకడు ఇంగ్లీషు పాఠము నొకసారి చదివి తాత్పర్యము చెప్పగలడు. వేఱొకడు పుట యంతయు తడబడక చదివియు, అందేమున్నదని యడిగినచో నోరు మెదపడు. ఇట్టివానిని మందబుద్ధి యని యెంచు తల్లిదండ్రులు గలరు. ఆడుపిల్ల యైనచో, ఇక చదువు చాలునను మాటయు దానికి తోడగును. ఈ తీర్పు తొందరపాటని మా యభిప్రాయము.

చదివి గ్రహించుట యనునది అక్షరములను పలుకు నేర్పును, భాషను విని గ్రహించు శక్తిని హెచ్చవేయగా వచ్చు లబ్ధము వంటిదని గఫ్, టన్మర్ అను విద్వాంసులు 1986లో చెప్పిరి. రెంటిలో నొకటి సున్న యైన ఫలమును సున్నయే. ఇంట ఇంగ్లీషు చెవిని పడు బిడ్డకును, బడిలో దప్ప వినని బిడ్డకును ఆ శక్తి సమముగా నుండదు గదా!

మాటల సంపద యింకొక కారణము. ఒకరి సాయము లేక కథ చదివి చక్కగా గ్రహింపవలెనన్న నూటికి 98 మాటలు తెలిసియుండవలెనని హు, నేషన్ అనువారు 2000లో ప్రకటించిరి. అనగా 50 మాటలలో తెలియనిది ఒక్కటికి మించరాదు.

మాటలు తెలిసినను సంగతి తెలియనిచో చాలదు. స్టెఫెన్సన్, జోగ్‌దేవ్, ఆండర్సన్ అనువారు అమెరికాలో భారతీయులచేతను, అమెరికనులచేతను రెండు దేశముల పెండ్లిండ్లను గూర్చిన లేఖలు చదివించి, ఫలితములను 1979లో ప్రకటించిరి. ఎవరి పెండ్లిని వారే వేగముగా చదివి, ఎక్కువ జ్ఞప్తి యుంచుకొనిరి. అవ్వ కట్టిన పెండ్లిదుస్తులను మనుమరాలు ధరించుట అమెరికనులకు ముచ్చట. మనవారిలో నొకరు అవి పాతబడిన బట్టలని తలచిరి! ఇది బుద్ధిలోపము కాదు, ఆచారభేదము.

కావున సోదరీమణులారా! బిడ్డను నిందించుటకు ముందు ఒక తెలుగు కథ చదివించి, స్వంత మాటలలో చెప్పుమనుడు. చక్కగా చెప్పినచో కొఱత చాలవఱకు ఇంగ్లీషు భాషలోనే యున్నదని తలపవచ్చును. తెలుగునను తడబడినచో ముందు తెలుగు చదువును చక్కబఱుపుడు. చూపును, వినికిడిని వైద్యునిచే పరీక్షింపించుడు. ఇంగ్లీషు పాఠము తెఱచుటకు ముందు దాని సంగతిని తెలుగున ముచ్చటింపుడు. దీనికి తల్లికి ఇంగ్లీషు రానక్కఱలేదు. ఇంగ్లీషు వచ్చునను నాశతో బిడ్డ చేతినుండి తెలుగు పుస్తకమును మాత్రము లాగికొనవలదని మా మనవి.