తుది నిర్ణయం ఆఫీసరు గారిదే!

అమెరికాలో విమానం ఎక్కేటప్పుడు ఐస్ స్కేట్లు కేబిన్ బ్యాగులో పెట్టుకుని నిక్షేపంగా వెళ్ళొచ్చు. హాకీ కర్ర మాత్రం కుదరదు. జోకేమీ కాదు, అక్కడి విమానాశ్రయాల్లో తనిఖీలు చేసే టీఎస్ఏ వాళ్ళ జాబితాలో అలాగే ఉంది. పాతిక సెంటీమీటర్లుండే స్టీలు బ్లేడుకి "సరే", కర్రకి "వద్దు". ఈ ముక్క ఎవరికి చెప్పినా ముందు నవ్వుతారు, ఆ తర్వాత "గవర్నమెంటోళ్ళ తెలివి" అని ఓ సెటైరు వేస్తారు.

నా మటుకు నాకు ఆ జాబితా రాసినవాడు కాస్త ఆలోచించే రాశాడనిపిస్తుంది. స్కేట్ బ్లేడు మనం అనుకునే కత్తి లాంటిది కాదు. దాని మందం ఇంచుమించు నాలుగు మిల్లీమీటర్లు. అడుగున నిలువునా సన్నటి గాడి ఉంటుంది, ఆ గాడికి అటూ ఇటూ రెండు అంచులు. సాన పట్టడమంటే ఆ గాడిని మళ్ళీ తోమడమే. అలాగని అది కోయదని కాదు. 2023 అక్టోబర్లో ఇంగ్లండులోని షెఫీల్డులో మ్యాచ్ ఆడుతుండగా ప్రత్యర్థి స్కేటు మెడకి తగిలి ఆడమ్ జాన్సన్ అనే హాకీ ఆటగాడు చనిపోయాడు. కానీ అక్కడ ఆ బ్లేడు వెనకాల మంచు మీద దూసుకొస్తున్న ఒక మనిషి బరువూ, వేగమూ ఉన్నాయి. సీట్ల మధ్య ఇరుకులో బరువైన బూటుని చేత్తో పట్టుకుని విసరడం వేరే సంగతి. కర్రకి ఆ ఇబ్బంది లేదు, పట్టుకోవడానికే పుట్టింది అది.

ఇంకాస్త వెనక్కి వెళ్తే ఈ ఆలోచన ఎక్కణ్ణించి వచ్చిందో తెలుస్తుంది. 2001 సెప్టెంబరుకి ముందు అమెరికా విమానాల్లో నాలుగంగుళాల లోపు చాకులక్కూడా అభ్యంతరం ఉండేది కాదు. ఆ తర్వాత గోళ్ళ కత్తెర కనిపించినా పక్కన పడేసే రోజులొచ్చాయి. 2005 డిసెంబరులో కాస్త సడలించారు: నాలుగంగుళాల లోపు కత్తెరలూ, ఏడంగుళాల లోపు స్క్రూడ్రైవర్లూ తెచ్చుకోవచ్చన్నారు. కారణం కూడా దాచుకోకుండా చెప్పారు. కాక్‌పిట్ తలుపులు అప్పటికే గట్టిపడ్డాయి, ఇక కత్తెరలు ఏరుకుంటూ కూర్చునే టైములో బాంబులు వెతకడం మేలు అని. 2013 మార్చిలో ఇంకో అడుగు ముందుకేసి ఆరు సెంటీమీటర్ల లోపు చాకులూ, హాకీ కర్రలూ కూడా అనుమతిస్తామన్నారు. విమాన సిబ్బంది గట్టిగా ఎదురుతిరిగారు. తలుపు గట్టిదైతే పైలట్‌కి గానీ మాకేంటి అన్నది వాళ్ళ ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. జూన్‌కల్లా ఆ ప్రతిపాదన అటకెక్కింది. కర్ర ఇప్పటికీ బయటే ఉండడానికి కారణం అదన్నమాట.

కాబట్టి నా తగాదా జాబితాతో కాదు. జాబితా కింద ఒక వాక్యం ఉంటుంది చూశారూ, దానితో. ఏ వస్తువునైనా లోపలికి అనుమతించాలా వద్దా అన్న తుది నిర్ణయం తనిఖీ దగ్గరున్న ఆఫీసరుదే, అని. అంటే పైన "సరే" అని రాసినదంతా "బహుశా" అని చదువుకోవాలి.

మన భాషలో చెప్పుకుందాం. ఏపీఐ డాక్యుమెంటులో "ఈ ఇన్‌పుట్ ఇస్తే ఈ అవుట్‌పుట్ వస్తుంది" అని రాసి, కింద చిన్నక్షరాల్లో "సర్వర్‌కి తోస్తే వేరేది కూడా రావచ్చు, ఎర్రర్ కోడ్ ఇవ్వబడదు" అని రాస్తే ఎవడైనా దాని మీద ప్రోగ్రాం రాస్తాడా? రివ్యూలో ఆ డాక్యుమెంటుని మొహాన కొట్టరూ?

దీనికేముంది, స్కేట్లు చెకిన్‌లో వేసేయొచ్చుగా అంటారేమో. ఫిగర్ స్కేటింగ్ చేసే పిల్లలున్న ఇంట్లో ఆ మాట అని చూడండి :) మా అక్క కూతురు షికాగో దగ్గర నేర్చుకుంటోంది కాబట్టి నాకు ఈ గోలంతా తెలుసు. ఆ బూట్లు దుకాణంలో కొని వేసుకుని వెళ్ళిపోయేవి కావు. వేడి చేసి పాదానికి తగ్గట్టు మలుస్తారు, ఆ తర్వాత వారాల తరబడి వేసుకుని తిరిగితే గానీ మెత్తబడవు. బ్లేడు విడిగా కొనాలి, దాన్ని బూటుకి ఎక్కడ బిగించారన్నది కొద్ది మిల్లీమీటర్లు తేడా వచ్చినా పిల్ల దూకేటప్పుడు తెలిసిపోతుంది. పోటీల దాకా వచ్చినవాళ్ళకి బూటూ బ్లేడూ కలిపి వెయ్యి డాలర్లు దాటడం మామూలే. సరే, డబ్బు సంగతి వదిలేయండి. పోటీ శనివారం పొద్దున్న, పెట్టె ఆదివారం సాయంత్రం వస్తే ఎవరి స్కేట్లో అరువు తెచ్చుకుని ఎక్కడం కుదరదు. డ్రెస్సు పోతే ఇంకో డ్రెస్సు దొరుకుతుంది. అందుకే కోచ్‌లు మొట్టమొదట చెప్పేది స్కేట్లు చేతిలోంచి వదలొద్దని.

పోయినేడు ఒక పోటీకి అక్కా, పిల్లా, నేనూ వెళ్ళాం. వెళ్ళేటప్పుడు ఎక్స్‌రేలో చూసి నవ్వి, "ఆల్ ది బెస్ట్" చెప్పి పంపించారు. అవే స్కేట్లు, అదే బ్యాగు, బ్లేడ్లకి అవే తొడుగులు. తిరిగి వచ్చేటప్పుడు ఇంకో ఊళ్ళో ఆపేశారు. అక్క ఫోనులో టీఎస్ఏ పేజీ తెరిచి చూపించింది. ఆయన చదివి, మర్యాదగానే, వేలుతో ఆ చివరి వాక్యం చూపించాడు! సూపర్వైజరు గారొచ్చి ఆయన మాటే నా మాట అన్నారు. అక్క మళ్ళీ వెనక్కెళ్ళి కౌంటర్లో బ్యాగు ఇచ్చి, మళ్ళీ లైన్లో నిలబడింది. పిల్ల ఏడవలేదు గానీ దారంతా ఒకటే అడిగింది, "మామయ్యా, మరి వెళ్ళేటప్పుడెందుకు పంపించారు?" బ్యాగు మర్నాడు సాయంత్రం ఇంటికొచ్చింది. ఇది తిరుగు ప్రయాణం కాబట్టి సరిపోయింది. అదే వెళ్ళేటప్పుడైతే ఆ పిల్ల నాలుగు నెలల సాధన ఏమయ్యేది?

ఆఫీసరుకి విచక్షణ ఉండకూడదని నేననట్లేదు. జాబితా ఎంత పెద్దదైనా లోకంలో వస్తువులన్నీ అందులో పట్టవు. బ్లేడుని ఎవడైనా రహస్యంగా కత్తిలా సాన పట్టించి తెస్తే, "జాబితాలో స్కేట్ అని ఉందిగా" అని వదిలేయలేం కదా. పైగా ఏం ఆపుతారో ముందే కచ్చితంగా తెలిసిపోతే చెడ్డవాడికి పని తేలిక. ఇవన్నీ ఒప్పుకుంటాను. కానీ ఇవన్నీ "ఈ స్కేట్‌లో నాకు ఫలానా తేడా కనిపించింది" అని చెప్పగలిగే కారణాలు. "నాకు అధికారం ఉంది" అన్నది కారణం కాదు. పేరుతో సహా అనుమతించిన వస్తువుని ఆపినప్పుడు ఎందుకు ఆపావో ఒక కాగితం మీద రాసివ్వాలి, అంతే నేనడిగేది. ఆ కాగితాలు పోగైతే ఏ ఊళ్ళో ఏ వస్తువు ఎన్నిసార్లు ఆగుతోందో పైవాళ్ళకీ తెలుస్తుంది. లాగ్ లేని సిస్టంలో బగ్ ఎక్కడుందని వెతుకుతాం?

యూరప్‌లో ఇంకా తమాషా జరిగింది. 2005 సెప్టెంబరులో వియన్నాలో హైన్రిక్ అనే ప్రయాణికుడు టెన్నిస్ రాకెట్లతో విమానం ఎక్కాడు. అవి నిషిద్ధం అని దింపేశారు. ఏ రూలు ప్రకారం అంటే, ఆ రూలు ఉన్న అనుబంధాన్ని అసలు గెజిట్‌లో ప్రచురించనే లేదు, రహస్యం! ఆయన వదల్లేదు, కోర్టుకెక్కాడు. 2009 మార్చిలో యూరప్ అత్యున్నత న్యాయస్థానం తేల్చేసింది: జనానికి చూపించని నిషేధం జనం మీద చెల్లదు అని. ఇప్పుడక్కడ జాబితా బహిరంగమే. చాకులకీ కత్తెరలకీ ఆరు సెంటీమీటర్లని కొలత ఉంది, మిగతావాటికి తీవ్రమైన గాయం చేయగల పదునైన వస్తువులు అని ఓ పెద్ద సంచీ లాంటి వాక్యం ఉంది. స్కేటు ఆ సంచీలో పడుతుందా లేదా అన్నది మళ్ళీ చూసేవాడి చూపుని బట్టే. యూరప్‌లో తనిఖీ దాటి విమానం పట్టుకునేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి. బయల్దేరిన ఊరి రూలు అక్కడ పనికిరాదు.

మన దేశంలో స్కేట్ల బాధ పెద్దగా లేదు, కొబ్బరికాయ బాధ ఉంది. అయ్యప్ప మాల వేసుకున్నవాళ్ళ ఇరుముడిలో కొబ్బరికాయని కేబిన్‌లోకి రానిచ్చేవారు కాదు. మాల వేసుకున్న స్వామికి ఇరుముడి చెకిన్‌లో పడేయమంటే ఎలా ఉంటుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. 2024 అక్టోబరులో విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడు మినహాయింపు ప్రకటించారు. ఎక్స్‌రే, పేలుడు పదార్థాల పరీక్ష, చేత్తో తనిఖీ, ఇవి అయ్యాక తీసుకెళ్ళొచ్చు, 2025 జనవరి 20 దాకా, అని. గడువు పెట్టడం గురించి ఎవరైనా వాదించొచ్చు గానీ నాకు ఆ పద్ధతి నచ్చింది. ఏం పరీక్ష చేస్తారో, ఎప్పటిదాకానో ముందే చెప్పారు. స్వామికీ తెలుసు, తనిఖీ చేసే జవానుకీ తెలుసు. స్కేట్లకి కూడా ఇలాంటిది రెండు లైన్లు రాస్తే ఏం పోయింది? తొడుగులుండాలి, విడిగా ట్రేలో పెట్టాలి, బ్లేడు బూటుకి బిగించే ఉండాలి, అని.

అంతదాకా చేయగలిగింది చెప్తాను. స్కేట్లని పెద్ద బ్యాగు అడుగున కుక్కకుండా విడిగా చిన్న సంచీలో పెట్టండి, ఆపితే ఆ ఒక్కటే వెనక్కి వెళ్తుంది. తొడుగులు గట్టివి వేయండి. బ్లేడు బిగించుకునే స్క్రూడ్రైవరు ఏడంగుళాల లోపుదైతే దానితో పేచీ లేదు, కానీ నేనైతే దాన్ని చెకిన్‌లోనే వేస్తాను. టీఎస్ఏ పేజీ ఫోనులో కాకుండా కాగితం మీద పెట్టుకోండి, ఫోను అందుకుని చదవడానికి చాలామంది ఆఫీసర్లు ఇష్టపడరు. చెకిన్ కౌంటర్ మూసేలోపు వెనక్కి వెళ్ళి రాగలిగేంత ముందుగా బయల్దేరండి. పోటీకైతే ఒకరోజు ముందే వెళ్ళండి, హోటల్ ఖర్చు ఎక్కువైనా సరే. మా అక్క ఇప్పుడు అలాగే చేస్తోంది. వచ్చే పోటీకి గురువారం టిక్కెట్లు తీసింది.