అసెంబ్లీ ఖాళీ అయితే పోయేది మన ఓటే

రాష్ట్రపతిని ఢిల్లీ పెద్దలే ఎన్నుకుంటారని మన వాడల్లో చాలామంది అనుకుంటారు. కాదు. ఎంపీలతోపాటు మనం గెలిపించిన ఎమ్మెల్యే కూడా ఓటేస్తాడు. ఆంధ్రప్రదేశ్ ఎమ్మెల్యే ఓటు విలువ 159. అంటే భవానీపురంలో కూలోడు వేసిన ఓటు రాష్ట్రపతి భవన్ దాకా పోద్ది.

మరి అసెంబ్లీయే లేకపోతే? 1974లో గుజరాత్ అసెంబ్లీ రద్దయింది. అయినా రాష్ట్రపతి ఎన్నిక ఆగకూడదని సుప్రీంకోర్టు చెప్పింది. గుజరాత్ ఎమ్మెల్యేలు లేకుండానే ఎన్నిక జరిగిపోయింది. 2018లో జమ్మూ కాశ్మీర్ అసెంబ్లీని రద్దు చేశారు. 2022 రాష్ట్రపతి ఎన్నికలో అక్కడి ఎమ్మెల్యే ఓటు ఒక్కటీ లేదు. ఎమ్మెల్యేలు ఎన్నుకోవాల్సిన నాలుగు రాజ్యసభ సీట్లు 2021 నుంచి 2025 దాకా ఖాళీగా పడున్నాయి.

చూశారా, ఢిల్లీ పని ఏదీ ఆగలేదు. ఆగింది జనం గొంతే. ఒక్క ఎమ్మెల్యే ఎన్నికను కోర్టు కొట్టేసినా అంతే. ఉప ఎన్నిక జరిగేదాకా ఆ ఊళ్లకి ఓటు లేనట్టే.

మన రాష్ట్రంలో 175 సీట్లకి 29 ఎస్సీ సీట్లు. అంటే 4,611 ఓట్ల విలువ. అది ఎవరి దయా కాదు, అంబేద్కర్ పోరాడి తెచ్చిన హక్కు. అందుకే సీటు ఖాళీ అయిన రోజునుంచే ఎన్నిక ఎప్పుడని ఊరూరా అడుగుదాం. అడగనోడి ఓటు అటకెక్కుద్ది.

జై భీమ్!