చెవి డొప్పలో దేహపటం

ఫ్రాన్సు దేశంలోని లియాన్ నగరంలో పాల్ నోజియే అనే వైద్యుడు ఉండేవారు. 1950ల తొలినాళ్లలో ఆయన వద్దకు వచ్చిన కొందరు రోగుల చెవులపై ఒకే చోట చిన్న కాలిన మచ్చ కనిపించింది. వారందరూ నడుము నుండి కాలిలోకి దిగే సయాటికా నొప్పితో బాధపడినవారే. మార్సే నగరంలోని ఒక నాటు వైద్యురాలు చెవిపై వాత పెట్టగా తమకు ఉపశమనం కలిగిందని వారు చెప్పారు. వాతల వైద్యం మన పల్లెలకు కొత్త కాదు. దానిని చూసి చదువుకున్నవారు నవ్వడమూ కొత్త కాదు. నోజియే నవ్వలేదు. తానూ వాత పెట్టి చూశారు. పిదప వాతకు బదులు సూదిని వాడారు.

క్రమంగా ఆయనకు చెవిడొప్ప, తల్లి కడుపులో తలక్రిందులుగా ముడుచుకొన్న శిశువువలె తోచింది. తమ్మె తల, లోపలి మడత వెన్నెముక. ఏ అవయవం నొప్పిపెడితే చెవిపై దానికి తగిన బిందువును తాకాలన్నమాట. 1956లో ఆయన ఈ పటాన్ని మార్సేలో వైద్యుల సభ ముందుంచారు. సూదివైద్యానికి పుట్టినిల్లయిన చైనా సైతం దీనిని ఒక ఫ్రెంచి వైద్యుని నుండి గ్రహించి, తన మార్పులు తాను చేసుకొన్నది.

సూదిని గుచ్చి వేళ్లతో గంటల తరబడి త్రిప్పుతూ ఉండడం శ్రమతో కూడిన పని. ఆ శ్రమను బ్యాటరీకి అప్పగించారు. సూదులకు సన్నని తీగలు తగిలించి స్వల్పమైన విద్యుత్తును పంపితే, చీమలు ప్రాకినట్లు ఉంటుంది. 1972లో హాంకాంగ్‌లో వెన్ అనే మెదడు శస్త్రవైద్యుడు నొప్పి తెలియకుండా చేయడానికి ఈ పద్ధతిని అనుసరించగా, నల్లమందుకు బానిసైన రోగికి అది మానినప్పుడు కలిగే యాతన కూడా తగ్గింది.

నల్లమందుకూ సూదికీ ఏమి సంబంధం? నల్లమందువంటి పదార్థాలను మన శరీరమే తయారు చేసుకొంటుందని 1975లో తేలింది. విద్యుత్తును సెకనుకు 2 సార్లు పంపితే ఒక రకం, 100 సార్లు పంపితే మరొక రకం విడుదలవుతాయని బీజింగ్‌లో హాన్ జిషెంగ్ పరిశోధనలు తెలిపాయి.

కథ ఇంతవరకు ముచ్చటగానే ఉంది. కాని నొప్పి తగ్గడం వేరు, పటం నిజం కావడం వేరు. నొప్పి వెన్నుపాములోని ఒక ద్వారం దాటి మెదడును చేరుతుందన్న సిద్ధాంతాన్ని 1965లో ప్రతిపాదించిన ఇద్దరిలో ఒకరైన రోనాల్డ్ మెల్జాక్, చెవి వైద్యాన్ని స్వయంగా పరీక్షించారు. దీర్ఘకాలంగా బాధపడుతున్న 36 మందికి చెవిపై సరియైన బిందువుల వద్ద ఒకసారి, సంబంధం లేని చోట్ల మరొకసారి విద్యుత్తు పంపారు. ఇంకొకసారి పంపినట్లు నటించి ఊరుకొన్నారు. ఫలితాలలో చెప్పుకోదగ్గ తేడా లేదని 1984లో ప్రకటించారు. తన సిద్ధాంతానికి అనుకూలించగల వైద్యాన్నే ఇలా నిలదీయడం నాకు గొప్పగా తోచింది.

2021లో అమెరికాలో క్యాన్సరు నుండి బయటపడిన 360 మందిపై జరిగిన పరిశోధన మరొక సంగతి చెప్పింది. ఒక వర్గానికి దేహంపై విద్యుత్ సూదులు, మరొక వర్గానికి చెవిలో విద్యుత్తు లేని చిన్న సూదులు వాడారు. మామూలు వైద్యంతో సరిపెట్టుకొన్నవారికంటే రెండు వర్గాలకూ నొప్పి బాగా తగ్గింది. అయితే చెవినొప్పి మొదలైన బాధల వలన చెవి సూదుల వర్గంలో సుమారు పదిమందిలో ఒకరు మధ్యలోనే మానుకొన్నారు. పైగా ఇక్కడ ఉత్తుత్తి సూదులతో పోల్చి చూడలేదు. మెల్జాక్ వేసిన ప్రశ్నకు ఇది జవాబు కాదు.

ఇంతకూ నన్ను ఈ విషయంలోకి లాగినది నా మెడ. ఇరవై ఏళ్లుగా నిఘంటువులపై వంగి అనువాదాలు చేసిన మెడ. సూదులు వేసే ముందు వైద్యుడు గుండెకు పేస్‌మేకరు ఉన్నదా అని అడిగారు. ఉన్నవారికి విద్యుత్తు పెట్టరు. చెవి మృదులాస్థికి చీము పడితే మానడం కష్టమని, సూదులు కొత్తవేనని విప్పి చూపారు. ఎముకల వైద్యునికి చూపించుకొని రమ్మని ముందే చెప్పారు. ఆరుసార్లు వెళ్లాను. నొప్పి సగానికి తగ్గింది. కాని ఆ నెలలో ప్రచురణకర్త నుండి ఒక్క పుట పని కూడా రాలేదు. ఉపశమనం సూదులదో, తీరికదో నేటికీ తేల్చుకోలేకపోతున్నాను. వచ్చే వారం నాలుగువందల పుటల నవల వస్తున్నది.