ఆర్నికా పువ్వు – సమరయుని వాహనము



మన సంఘములలో ఆర్నికా పేరు ఎరుగని ఇల్లు తక్కువ. కొల్లేటి లంకలలో దోనె అంచు మోకాలికి కొట్టుకొన్నా, తాడేపల్లిగూడెం రోడ్డుమీద సైకిలు జారినా, "ఆ తియ్య మాత్రలు నాలుగు వేయండి" అను మాట వినబడును. అయితే ఆ పువ్వును చూచినవారు మనలో ఎవరు?

అది మన చేలల్లో పూయదు. ఐరోపా కొండలమీద, ఆల్ప్స్ పర్వతాల పచ్చికలలో తనంతట తాను మొలచును. ఆకులు నేలకంటుకొని యుండును. మధ్య నిటారు కాడ, దానిపై పసుపు పువ్వు. చామంతి కుటుంబమే. నాకు మిక్కిలి ఆశ్చర్యమైన సంగతి యేమనగా, అది బీదనేలనే కోరును. ఎరువు వేసి సున్నము చల్లిన పచ్చికలో క్రమేణ కనుమరుగగును. అందుచేతను, మందులకై విస్తారముగా కోసినందుచేతను ఐరోపాలో పలుచోట్ల కరవై, దానిని కాపాడుటకు చట్టములు చేసిరి. యూరియా బస్తా లేనిదే పంట లేదనుకొను మన డెల్టా రైతునకు ఇది వింతగానే యుండును!

కొండవారు దీనిని దెబ్బలకు, వాపులకు పైపూతగా వాడిరి. జర్మనీ వైద్యుడు హానిమన్ (1755–1843) దీనిని హోమియోలోనికి తెచ్చెను. 30 అని రాసిన సీసాలోని మందును నూటికి ఒక వంతు చొప్పున 30 మారులు పలుచన చేసి యుందురు. పువ్వు ఆనవాలు ఇక మిగలదు. కనుక ఆ మాత్రలు విషము కావు. వట్టి చక్కెర మాత్రకన్న ఎక్కువ మేలు చేయునని పరిశోధనలలో గట్టిగా రుజువు కాలేదు కూడ. మూలిక సంగతి వేరు. కడుపులోనికి పోయిన అది విషమే, గుండెకు చేటు. లేపనమైనను తెగిన గాయముపై రాయరాదు.

మందు వాడుట అవిశ్వాసమా అని కొందరడుగుచుందురు. హిజ్కియా పుండుకు అంజూరపు ముద్ద కట్టుమన్నది యెషయా ప్రవక్తయే (యెషయా 38:21). నా భయము మరొకటి. మాత్రలు వేసి, ప్రార్థన చేసి, తెల్లవారువరకు చూద్దామని కూర్చుండుట. లూకా 10:34 మరల చదువుడి. సమరయుడు నూనె, ద్రాక్షారసము పోసి అక్కడ ఆగలేదు. గాయపడినవానిని తన వాహనమెక్కించి సత్రమునకు చేర్చెను. మరునాడు తన డబ్బు ఇచ్చెను. నూనె పోయుటకు క్షణము చాలును, ఖర్చంతా తక్కిన పనికే.

కాబట్టి తలకు దెబ్బ తగిలిన బిడ్డ వాంతి చేసుకొన్నా, మత్తుగా పడియున్నా, మాట తడబడినా, చెవినుండి నెత్తురు వచ్చినా వెంటనే 108కి ఫోను చేయుడి. లంకలకు బండి చేరుట ఆలస్యమైతే, మెడ కదలకుండ పడుకోబెట్టి గట్టుదాక ఎదురు తీసుకొనిపోయి ఏలూరు పెద్దాసుపత్రికి చేర్చుడి. ప్రార్థన దారిలో చేసికొందము. రాత్రివేళయైనను పిలువుడి, నేనును వచ్చెదను.