కొత్త గడప, తొలి కాన్పు

నికాహ్ జరిగిన రెండు మూడేళ్లలోపే నేటి యువ దంపతుల జీవితంలో మూడు పెద్ద మార్పులు ఒకదాని వెంట ఒకటి వస్తున్నాయి. ఉద్యోగరీత్యా ఊరు మారడం మొదటిది. ఉమ్మడి కుటుంబం నుండి వేరుపడి అద్దె ఇంట కాపురం పెట్టడం రెండవది. తొలి సంతానం కోసం ఎదురుచూడటం మూడవది. కర్నూలు, కడప, గుంటూరు, నిజామాబాదు వంటి పట్టణాలలో పుట్టి పెరిగిన మన పిల్లలు హైదరాబాదుకో, బెంగుళూరుకో తరలిపోతున్నారు. గల్ఫ్ దేశాలలో కొలువు చేసే భర్త సెలవు ముగించుకొని వెళ్లిపోగా, నిండు నెలలతో ఇల్లు మారవలసి వచ్చిన ఇల్లాళ్లూ మనలో ఉన్నారు.

శుభవార్త వినగానే బంధువులందరూ ‘ముబారక్’ అంటారు. మిఠాయిలు పంచుకుంటారు. అయితే సామాను సర్దడం, ఆసుపత్రి మారడం, అటు పుట్టింటికీ ఇటు అత్తింటికీ సమాధానాలు చెప్పుకోవడం మాత్రం చాలా ఇళ్లలో ఆ గర్భవతి వంతుకే వస్తున్నది. సంతోషం అందరూ పంచుకొని భారం ఒక్కరికి వదిలివేయడం ధర్మమేనా? ఈ మాసం ఈ విషయాన్నే ఆలోచిద్దాం.

ప్రయాణికుడు, గర్భవతి

దైవప్రవక్త ముహమ్మద్ (స) ప్రవచనాలలో మనం తరచుగా దృష్టి పెట్టని ఒకటి ఉంది. ప్రయాణికునికి నమాజులోనూ, ఉపవాసంలోనూ అల్లాహ్ ఇచ్చిన వెసులుబాటును తెలియజేస్తూ, అదే మాటలో గర్భవతికీ, పాలిచ్చే తల్లికీ ఉపవాసం విషయంలో ఇచ్చిన వెసులుబాటును ఆయన (స) పేర్కొన్నారు. ప్రయాణపు అలసట కంటికి కనిపిస్తుంది. గర్భవతి అలసట ఆమె నాలుగు గోడల మధ్య ఉన్నప్పుడు కూడా ఆమెను వీడదు. షరీఅత్ ఈ ఇద్దరినీ ఒకచోట చేర్చి చూసింది.

తల్లి గర్భకాలంలో అనుభవించే నీరసాన్ని దివ్య ఖుర్ఆన్‌లోని లుఖ్మాన్ సూరా ప్రత్యేకంగా ప్రస్తావించింది. తల్లిదండ్రుల పట్ల కృతజ్ఞత చూపాలన్న ఆదేశానికి దానిని ముడిపెట్టింది. సృష్టికర్తే గుర్తించిన నీరసాన్ని ఇంటివారు ‘మేము కనలేదా, మేము పెంచలేదా’ అంటూ కొట్టివేయడం తగునా? ఫర్జ్ అయిన రమజాన్ ఉపవాసాన్నే వాయిదా వేసుకొనే వెసులుబాటు పొందిన స్త్రీకి, బియ్యం మూటలు సర్దడంలో వెసులుబాటు ఉండదా? (ఉపవాసాలను తరువాత ఎలా పూర్తి చేయాలో ఆలిములను అడిగి తెలుసుకోవాలి.)

హిజ్రత్ బాటలో నిండు చూలాలు

మన చరిత్రలో ఇల్లు మారడమంటే మొదట గుర్తుకు రావలసినది హిజ్రత్. ఆ బాటలో తొలిచూలుతో నడిచిన ఒక మహిళ ఉన్నారు. ఆమె హజ్రత్ అబూబక్ర్ సిద్దీఖ్ (రజి) కుమార్తె, హజ్రత్ జుబైర్ బిన్ అవ్వామ్ (రజి) సతీమణి, హజ్రత్ అస్మా (రజి). మహాప్రవక్త (స), అబూబక్ర్ (రజి) మక్కా విడిచి వెళ్లే వేళ వారి ఆహారపు మూటను కట్టడానికి తన నడికట్టును చించి ఇచ్చిన సాహసి ఆమెయే. తరువాత ఆమె నెలలు నిండిన గర్భంతో మక్కా నుండి 400 కిలోమీటర్లకు పైబడిన ఎడారి ప్రయాణం చేసి మదీనా శివారులోని ఖుబాకు చేరుకున్నారు. అక్కడే కుమారుడు అబ్దుల్లాహ్ (రజి) జన్మించారు. మదీనాకు వలస వచ్చిన ముహాజిర్ల ఇళ్లలో పుట్టిన తొలి శిశువు ఆయనే.

ఆ శిశువును దైవప్రవక్త (స) తమ ఒడిలోకి తీసుకున్నారు. ఒక ఖర్జూరాన్ని నమిలి ఆ పసినోటికి అందించి, శుభం కోసం దుఆ చేశారు. పుట్టిన ఊరును, ఆస్తిపాస్తులను వదిలి వచ్చిన ఆ సమూహమంతా ఒక శిశువు రాకతో ఆనందించింది.

హజ్రత్ అస్మా (రజి) ఆ కాలపు తన సంసారాన్ని తానే వివరించిన ఉల్లేఖనం సహీహ్ బుఖారీలో ఉంది. భర్తకు అప్పటికి నీళ్లు మోసే ఒంటె, ఒక గుర్రం తప్ప చెప్పుకోదగిన ఆస్తి లేదు. గుర్రానికి మేత వేయడం, నీళ్లు తేవడం, తోలు బొక్కెన కుట్టుకోవడం, పిండి కలపడం అన్నీ ఆమె పనులే. సుమారు రెండు మైళ్ల దూరం నుండి ఖర్జూరపు గింజలను తలపై మోసుకొచ్చేవారు. ఈ కష్టాల నడుమ ఆమె రెండు విషయాలను కృతజ్ఞతతో గుర్తుచేసుకున్నారు. తనకు రొట్టె చక్కగా కాల్చడం రాకపోతే పొరుగున ఉన్న అన్సారీ స్త్రీలు కాల్చిపెట్టేవారట. కొంతకాలానికి తండ్రి గుర్రం పోషణకు ఒక పనిమనిషిని పంపగా, తనకు దాస్య విముక్తి కలిగినట్లే అనిపించిందట.

ఈ వృత్తాంతాన్ని మనం త్యాగానికి ఉదాహరణగా మాత్రమే చెప్పుకొని ఊరుకుంటున్నాం. ‘ఆ కాలపు స్త్రీలు అంత కష్టపడ్డారు, నీవెంత’ అని కోడళ్లను నిలదీయడానికి దీనిని వాడేవారూ లేకపోలేదు. కానీ పొరుగువారు రొట్టెలు కాల్చిపెట్టడం, తండ్రి ఒక పనిని గుర్తించి దానికి మనిషిని పంపడం, పుట్టిన బిడ్డను సమాజమంతా తన బిడ్డగా స్వీకరించడం కూడా ఈ వృత్తాంతంలోనే ఉన్నాయి. ఆ మూడు బాధ్యతలు మనవి.

నిర్ణయం ఇద్దరిది

మేము ఎరిగిన ఒక కుటుంబంలో భార్యకు ఏడవ నెల రాగానే భర్తకు బదిలీ అయింది. కొత్త ఊళ్లో ఇల్లు చూడటం, కాన్పు ఎక్కడ జరగాలో తేల్చడం, సామాను తరలించడం అన్నీ పెద్దల నడుమ ఫోన్లలోనే ముగిశాయి. తొలి కాన్పు మైకాలోనే జరగాలని తల్లి పట్టుబట్టింది. మనవడు తమ కళ్లముందే పుట్టాలని అత్తగారు కోరింది. భర్త ఇద్దరికీ సరేనన్నాడు. కడుపులో బిడ్డను మోస్తున్న ఆమెను మాత్రం ఎవరూ అడగలేదు. చివరకు కొత్త డాక్టరమ్మ పాత రక్తపరీక్షలు, స్కానింగు కాగితాలు అడిగిననాడు అవి ఇంకా విప్పని అట్టపెట్టెలలో ఎక్కడున్నాయో ఎవరికీ తెలియలేదు. ఆ అయోమయం చూసిన తరువాతే మామగారు కోడలిని కూర్చోబెట్టి, ‘అమ్మా, నీకు ఎక్కడ నిశ్చింతగా ఉంటుందో చెప్పు’ అని అడిగారు. ఆమె కొత్త ఊళ్లోనే ఉంటానని, తల్లి వచ్చి నలభై రోజుల చిల్లా వరకు తోడుంటే చాలునని చెప్పింది. అందరి పట్టుదలలూ ఆ ఒక్క మాటతో సడలిపోయాయి.

బిడ్డకు పాలు మాన్పించే విషయంలో సైతం తల్లిదండ్రులు పరస్పర అంగీకారంతో, సంప్రదింపుతో నిర్ణయించుకోవాలని బఖరా సూరా బోధిస్తున్నది. పాలు మాన్పించడానికే మషూరా అవసరమైతే, కాన్పు ఎక్కడ, కాపురం ఎక్కడ అన్న ప్రశ్నలకు అది ఎంత అవసరమో వేరుగా చెప్పనక్కరలేదు. కనుక ఇల్లు మారాలని అనుకున్ననాడే దంపతులిద్దరూ తీరికగా కూర్చోవాలి. ఇస్తిఖారా నమాజు చేసి అల్లాహ్ మార్గదర్శకత్వం వేడుకోవాలి. ఇప్పుడే మారాలా, కాన్పు తరువాత మారవచ్చునా? ఆ ఇంటి నుండి ఆసుపత్రి ఎంత దూరం? మెట్లెన్ని? నీళ్ల వసతి ఎలా ఉంది? అర్ధరాత్రి నొప్పులు వస్తే వెంట ఎవరుంటారు? అద్దె, అడ్వాన్సు కట్టిన తరువాత కాన్పు ఖర్చుకు ఎంత మిగులుతుంది? ఈ ప్రశ్నలకు ఇద్దరూ సమాధానాలు కాగితంపై రాసుకొని, ఆపై పెద్దలకు గౌరవంగా తెలియజేయాలి. పెద్దలు కూడా దానిని ధిక్కారంగా భావించరాదు.

అద్దె ఇంటి వేటలో మన కుటుంబాలకు ఇంకొక చిక్కు ఉంది. పేరు వినగానే ఇల్లు ఖాళీ లేదనే యజమానులు కొందరు ఎదురవుతుంటారు. గర్భవతిని వీధి వీధీ తిప్పి ఆ అవమానంలో భాగం చేయకండి. ఆ ప్రాంతంలోని బంధుమిత్రులనూ, మస్జిదు కమిటీ వారినీ ముందుగా విచారించి, కుదిరే ఇళ్లు రెండు మూడు తేలిన తరువాతే ఆమెకు చూపించడం మేలు.

ఇంటి పనిలో చేయి కలపడం పురుషునికి చిన్నతనమని భావించేవారు హజ్రత్ ఆయిషా (రజి) ఇచ్చిన సాక్ష్యాన్ని గుర్తుచేసుకోవాలి. మహాప్రవక్త (స) ఇంట్లో ఉన్నంతసేపూ ఇంటివారి సేవలో ఉండేవారని, నమాజు వేళ కాగానే మస్జిదుకు బయలుదేరేవారని ఆమె తెలిపారు. సామాను కట్టే రోజున భర్త ఈ సున్నతును పాటించవచ్చు. దూరదేశంలో ఉన్న భర్త తన సోదరునికో, బావమరిదికో ఆ పని స్పష్టంగా అప్పగించి, పూర్తయిందో లేదో తానే విచారించాలి.

శకునాలు వద్దు, జాగ్రత్తలు ముద్దు

గర్భవతి ఉన్న ఇంట్లో గోడకు మేకు కొట్టరాదని, ఇల్లు మారరాదని చెప్పేవారు మన చుట్టూ ఉన్నారు. ఇరుగుపొరుగు ఆషాఢం, మూఢం చూస్తే, మన ఇళ్లలో సఫర్ నెలకు ‘తేరాతేజీ’ అని పేరుపెట్టి దాని తొలి పదమూడు రోజులను అశుభంగా లెక్కిస్తున్నారు. దైవప్రవక్త (స) దుశ్శకునాలను, సఫర్ గురించిన అపోహను స్పష్టంగా తోసిపుచ్చారు. తమ కుమారుడు ఇబ్రాహీం మరణించిన రోజున గ్రహణం పట్టినప్పుడు, ఎవరి చావు పుట్టుకల వల్లనూ సూర్యచంద్రులకు గ్రహణం పట్టదని ప్రజలకు తెలియజేశారు. కనుక నెలలకూ, గ్రహణాలకూ భయపడవలసిన పని లేదు.

భయపడవలసినవి వేరే ఉన్నాయి. గ్యాస్ సిలిండరు, నీళ్ల బిందె, బియ్యం మూట వంటి బరువులు ఆమె ఎత్తరాదు. అటక సర్దడానికి స్టూలు ఎక్కరాదు. పాత గోడల రంగు గీకేటప్పుడు లేచే దుమ్ములో సీసం ఉండవచ్చు. అది గర్భస్థ శిశువుకు హాని చేస్తుంది. చెదల మందు, కొత్త రంగుల ఘాటు పూర్తిగా పోయి, గాలి వెలుతురు ఆడిన తరువాతే ఆమె ఆ ఇంట అడుగుపెట్టాలి.

మాతా శిశు సంరక్షణ కార్డు, పరీక్షల కాగితాలు, ఆధార్, వాడుతున్న మందులు, శిశువు బట్టలు ఒకే సంచిలో ఉంచి, దానిని సామాను లారీ ఎక్కించక చేతిలోనే పట్టుకెళ్లాలి. ఐరన్, కాల్షియం మాత్రలు, టీకాలు మధ్యలో ఆగిపోకుండా చూడాలి. కొత్త వీధికి చేరిన వారంలోనే ఆశా కార్యకర్తను, అంగన్‌వాడీ కేంద్రాన్ని కలిసి పేరు నమోదు చేయించుకోవాలి. ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో నాలుగవ నెల మొదలు గర్భవతులకు ఉచిత పరీక్షలు చేస్తారు. రక్తస్రావం, ఉమ్మనీరు కారడం, తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, ముఖం, చేతులు ఉబ్బడం, జ్వరం, ఫిట్స్, బిడ్డ కదలికలు తగ్గడం వీటిలో ఏది కనిపించినా సర్దుడు పని ఎక్కడిదక్కడ వదిలి ఆసుపత్రికి వెళ్లాలి. 108 నంబరు ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. ముందు ఒంటెను కట్టి, ఆపై అల్లాహ్‌పై భారం వేయమన్న ప్రవక్త (స) బోధకు ఇదే ఆచరణ.

కొత్త వీధి బాధ్యత

మన వీధికి ఒక కొత్త కుటుంబం వచ్చిందని, ఆ ఇంట ఒక గర్భవతి ఉన్నదని తెలిసిన రోజున మనమే ఆ అన్సారీ స్త్రీలం. మొదటి రెండు రోజులు వంట పంపండి. మంచి డాక్టరమ్మ ఎక్కడున్నారో, పాలు ఎవరు పోస్తారో, ఆటో ఎక్కడ దొరుకుతుందో చెప్పండి. రాత్రివేళ తలుపు తట్టవచ్చునని మాటివ్వండి. ‘ఎన్నవ నెల, ఆపరేషనా, మామూలు కాన్పా, ఆడా మగా’ అన్న ఆరాలు మానండి. పుట్టింటికి దూరంగా ఉన్న ఆమె ఏడుపును అల్పమైన విశ్వాసమని నిందించకండి. ప్రసవవేదనలో ఒంటరిగా ఖర్జూర చెట్టును ఆశ్రయించిన హజ్రత్ మర్యమ్ (అలై) ఆవేదనను దివ్య ఖుర్ఆన్ దాచలేదు. అల్లాహ్ ఆమెను మందలించలేదు. దుఃఖించవద్దని ఓదార్చి, తాగడానికి నీటినీ, తినడానికి ఖర్జూరాలనూ సమకూర్చాడు.

బిడ్డ పుట్టిన తరువాత ఆర్భాటాలకు అప్పు చేయవలసిన అవసరం లేదు. ఇల్లు మారిన ఖర్చు ఇంకా తీరని దంపతులపై ఘనమైన విందుల ఒత్తిడి తేవడం అన్యాయం. స్తోమత ఉన్నవారు ఏడవ రోజున అఖీఖా చేస్తారు. లేనివారిపై నింద లేదు. 21 రోజులలోగా జననాన్ని నమోదు చేయించడం మాత్రం మరువరాదు. పేరు నిర్ణయం కాకపోయినా నమోదు చేయించి, ఏడాదిలోగా పేరును ఉచితంగా చేర్పించవచ్చు. ఆ పేరు అక్షరాలు తరువాత తీసుకొనే కాగితాలన్నింటిలోనూ ఒకేలా ఉండేటట్లు చూసుకుంటే బిడ్డకు రేపు చిక్కులుండవు.

కొత్త గడపలో తొలి ఊపిరి తీసుకొనే ప్రతి శిశువునూ అల్లాహ్ తల్లిదండ్రుల కంటికి చలువగా చేయుగాక! ఆ తల్లుల భారాన్ని పంచుకొనే మనసును మన ఇళ్లకూ, మన వీధులకూ ప్రసాదించుగాక! ఆమీన్.