కన్ను మనదే, తాళంచెవి ఎవరిది?

పూర్వం రాజులను చారచక్షువులనేవారు. గూఢచారులే వారికి కన్నులు. గత నెలలో ఆ వైభవం మా ఇంటికీ అబ్బింది. విదేశంలో ఉన్న మా అబ్బాయి పట్టుబట్టి రెండు కెమెరాలు కొనిపించాడు. ఒకటి వీధి గుమ్మానికి, రెండవది హాలులోకి.

బిగించడానికి వచ్చిన కుర్రవాడు చురుకైనవాడే. ఈ కెమెరాలు తీగ అక్కరలేకుండా ఇంట్లోని వై-ఫై ద్వారానే అంతర్జాలాన్ని చేరుతాయి. ఫోనులో క్యూఆర్ కోడనే గజిబిజి ముగ్గును తెప్పించి కెమెరా కంటికి చూపాడు. ఎంతకూ కలవలేదు. కారణం అతడే చెప్పాడు. మా రౌటరు 2.4, 5 గిగాహెర్ట్జ్ అని రెండు పౌనఃపున్యాలలో పలుకుతుంది. చవక కెమెరాలలో చాలావాటికి మొదటిదే వినబడుతుంది. వేగం తక్కువైనా గోడలు దాటి దూరం పోగలిగేదీ అదే. ఫోనును దానికి కలిపిన తరువాత హాలు కెమెరా పలికింది. రౌటరును ఇనుప బీరువా చాటునుండి ఇవతలకు జరిపాక వీధి కెమెరా కూడా అందుకొంది.

అంతవరకు బాగానే ఉంది. నాకు చిక్కు వచ్చినది సంకేతపదం దగ్గర, అదే పాస్‌వర్డు దగ్గర. ఒకటి మొదలు ఎనిమిది వరకు అంకెలు వరుసగా నొక్కి, "గుర్తుండడానికి సులువు మాస్టారూ! నేను బిగించిన ఇళ్ళన్నిటికీ ఇదే పెడతాను" అన్నాడు. ఊళ్ళోని ఇళ్ళన్నిటికీ ఒకే తాళంచెవి చేయించే కమ్మరిని మనం గడప తొక్కనిస్తామా? అతడిలో దుర్బుద్ధి లేదు, నిజమే. కాని ఆ తాళంచెవి దుర్బుద్ధి గలవాడికి కూడా తెలుసు కదా!

ఇది వట్టి భయం కాదు. 2016లో ‘మిరాయ్’ అనే దొంగ ప్రోగ్రాము ఇటువంటి ఇళ్ళనే వెదకింది. తయారీదారులు పెట్టిన సంకేతపదం మార్చకుండా వదిలేసిన కెమెరాలపై, రికార్డర్లపై, రౌటర్లపై అరవై పైచిలుకు సంకేతపదాలను ఒక్కొక్కటిగా ప్రయోగించి, లక్షల పరికరాలను వశపరచుకొంది. ఆ యేడు అక్టోబరు 21న ఆ సేన ‘డిన్’ అనే సంస్థపై విరుచుకుపడగా, అమెరికాలో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ వంటివి గంటల తరబడి అందకుండా పోయాయి. కాపలా పెట్టిన కన్ను యజమానికి తెలియకుండానే దొంగల పటాలంలో చేరింది. కంచే చేను మేయడమంటే ఇదే. మన ప్రభుత్వం కూడా సీసీ కెమెరాల భద్రతకు 2024లో కనీస నియమాలు విధించి, 2025 ఏప్రిల్ నుండి అమలుకు తెచ్చింది. సంతోషమే. కాని గడియ ఎంత గట్టిదైనా తలుపు వేసుకోవలసినది మనమే.

కుర్రవాడు వెళ్ళాక నేను చేసిన పనులు మూడు. పొంతనలేని నాలుగు తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాలలో పేర్చి సంకేతపదం చేశాను. తయారీదారు పంపిన కొత్త సవరణలను ఎక్కించాను. రౌటరులో అతిథులకని ఉండే వేరు వై-ఫైకి కెమెరాలను మార్చాను. అది వీధి అరుగు వంటిది. అరుగు మీద ఎవరు కూర్చున్నా వంటింట్లోకి రాలేరు.

అసలు తగవు హాలు కెమెరాతో వచ్చింది. "ఏమండీ, గుమ్మంలో దొంగ కోసమన్నారు. నేను రోజంతా కూర్చునేచోట దొంగెవరు?" అన్నది మా శ్రీమతి. "అమ్మ జారిపడితే తెలుస్తుందని, నాన్నగారూ" అన్నాడు అబ్బాయి. ఇద్దరిదీ న్యాయమే. కొడుకు ఆదుర్దాను కాదనలేను. కాని సొంత ఇంట్లో కొంగు సవరించుకోవడానికి కూడా కెమెరా వైపు చూడవలసిన బ్రతుకు క్షేమమెలా అవుతుంది? ఇంద్రుడు సహస్రాక్షుడైనది పరుల ఇంట్లోకి దొంగచాటుగా దూరినందువల్లనే కదా!

చివరకు ఆ కెమెరాను పెరటి తలుపు వైపు తిప్పాము. దాని స్విచ్చి శ్రీమతి అధీనంలో ఉంది. ఇద్దరమూ ఊరికి వెళ్ళినప్పుడే వేస్తుంది. ప్రతిరోజూ రెండుపూటలా అబ్బాయి ఫోను చేస్తాడు. మేము ఎత్తకపోతే పక్కింటివారికి చేస్తాడు. దానితో వాడి భయం పూర్తిగా పోలేదని నాకు తెలుసు. కాని వాడు ఇప్పుడు తల్లిని చూడడం మాని, తల్లితో మాట్లాడుతున్నాడు.

మిత్రులెవరైనా ఇవి పెట్టించుకొని ఉంటే, ఈ రాత్రికే ఒకసారి సంకేతపదం చూసుకోండి. అది ఒకటి, రెండు, మూడు అని మొదలైతే, నా మాట ముసలి పంతులు చాదస్తమనుకోక, వెంటనే మార్చండి.