ఉపకారవేతనం దయాధర్మం కాదు, అమానత్

విద్యార్థులకూ నిరుద్యోగులకూ ప్రభుత్వాలు ప్రకటించే పథకాలకు కొదవ లేదు. కాని వాటి పేర్లు, నిబంధనలు, సొమ్ము వచ్చే దారి తరచూ మారిపోతుంటాయి. ఆ మార్పుల భారమంతా పేద కుటుంబాల మీదే పడుతోంది.

ఆంధ్రప్రదేశ్‌లో 2021లో కాలేజీ ఫీజు సొమ్మును తల్లుల ఖాతాల్లో వేశారు. 2024లో ప్రభుత్వం మారాక కాలేజీలకే చెల్లిస్తామన్నారు. నిరుద్యోగులకు నెలకు 1000 రూపాయల యువనేస్తం 2018లో మొదలై మరుసటి ఏడే ఆగిపోయింది. 1 నుండి 8వ తరగతి వరకు ఉన్న మైనారిటీ ఉపకారవేతనాన్ని కేంద్రం 2022లో, దరఖాస్తులు తీసుకున్న తర్వాత నిలిపివేసింది. పరిశోధక విద్యార్థుల మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ కూడా ఆ ఏడే రద్దయింది.

ఫీజు సొమ్ము ఆలస్యమైతే కాలేజీలు ప్రభుత్వాన్ని వదిలి విద్యార్థిని పట్టుకుంటున్నాయి. బకాయి తీరేదాకా సర్టిఫికెట్లు ఇవ్వమంటున్నాయి. అసలు సర్టిఫికెట్లు అట్టిపెట్టుకోరాదని యు.జి.సి. 2018లోనే ఆదేశించింది. సర్టిఫికెట్ చేతిలో లేని యువకుడు ఏ ఉద్యోగంలో చేరగలడు?

అమానతులను వాటి హక్కుదారులకు అప్పగించమని దివ్యఖుర్ఆన్ ఆదేశిస్తోంది. ప్రజాధనం పాలకుల చేతిలో అమానత్. హక్కుదారుణ్ణి ఆఫీసుల చుట్టూ తిప్పడం అమానత్‌ను కాపాడటం కాదు.

అయితే మన వైపు లోపాలనూ సరిదిద్దుకోవాలి. ఉర్దూలో ఒకే తీరుగా రాసే పేరు మన కాగితాల్లో పలు రకాలుగా ఉంటోంది. పదో తరగతి మెమోలో ‘మొహమ్మద్’, ఆధార్‌లో ‘ఎం.డి.’, బ్యాంకు పుస్తకంలో ‘మహమ్మద్’! ‘షేక్’ ఒకచోట పేరుకు ముందు, మరొకచోట చివర. ఇంత మాత్రానికే దరఖాస్తు ఆగిపోతుంది. ఆధార్ ద్వారా వచ్చే సొమ్ము చివరిసారి జతచేసిన ఖాతాకే చేరుతుంది. అది తెలియక పాత ఖాతా చూసుకుని నిరాశపడే తల్లిదండ్రులు ఎందరో ఉన్నారు.

అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు రాసిపెట్టుకోమని నేర్పిన ధర్మం మనది. దరఖాస్తు నంబరు, రసీదు, నకళ్ళు భద్రపరచుకోవడం మనకు కొత్త కారాదు. ప్రతి మస్జిద్ కమిటీ జుమా నమాజు తర్వాత ఒక గంటసేపు చదువుకున్న యువకులిద్దరిని కూర్చోబెట్టి, దరఖాస్తులు నింపించాలని, పేర్లు సరిచూపించాలని కోరుతున్నాము. ప్రభుత్వాలు కూడా విద్యాసంవత్సరం మధ్యలో నిబంధనలు మార్చకుండా, సొమ్ము విడుదల చేసే తేదీని ముందే ప్రకటించాలి.

పేదరికం వల్ల మన బిడ్డల్లో ఒక్కరి చదువు కూడా ఆగకుండా అల్లాహ్ కాపాడుగాక! ఆమీన్.